నలభై దాటాక టెన్త్: మీరడిగిన నాలుగు కోర్సుల సంగతి

మీరు రాసింది ఇదీ. వయసు 41. నెల్లూరు దగ్గర పల్లెలో తొమ్మిదో తరగతి మధ్యలో బడి మాన్పించారు. పెళ్లయ్యాక చెన్నై వచ్చి, పెరంబూరులో కాపురం 22 ఏళ్లుగా. తమిళం గడగడా మాట్లాడతారు, చదవడం మాత్రం రాదు. ఇంటికి దగ్గర్లో ఉన్న సామాజిక విద్యాకేంద్రంలో సాయంత్రాలు కుట్టుపని, కంప్యూటరు, స్పోకెన్ ఇంగ్లీషు, టెన్త్ కోచింగు నడుస్తున్నాయి. నాలుగింట్లో దేనికి వెళ్లాలి? ఈ వయసులో బుర్రకెక్కుతుందా? ఆ సర్టిఫికెట్టు చెల్లుతుందా? పిల్లలు నవ్వరా?

నేను ఉత్తర చెన్నైలో పదహారేళ్లు ఇలాంటి సాయంత్రపు క్లాసుల్లో పాఠాలు చెప్పాను. పేరుకి లెక్కల టీచర్ని. తెలుగు చెప్పేవాళ్లు రాకపోతే తెలుగు, సైన్సు చెప్పేవాళ్లు రాకపోతే సైన్సు. అంతకుముందు కొన్నాళ్లు అదే గదిలో వెనక బెంచీలో కూర్చుని తమిళం చదవడం నేర్చుకున్నాను. బల్లకి ఇటూ అటూ రెండు పక్కలా కూర్చున్నదాన్ని కాబట్టి కాస్త చనువుగా చెబుతాను, ఏమనుకోకండి.

మీరు అడగని ప్రశ్న ఒకటుంది, ముందు అది తేలాలి. సాయంత్రం ఆరున్నర నుంచి ఎనిమిది దాకా మీ ఇంట్లో పొయ్యి దగ్గర ఎవరుంటారు?

ఒక ఏడాది మా టెన్త్ క్లాసులో జూన్‌లో 24 మంది ఆడవాళ్లు చేరారు. దీపావళి నాటికి మిగిలింది తొమ్మిది మంది. పాఠం అర్థంకాక మానేసినవాళ్లు ఇద్దరో ముగ్గురో ఉంటారు, అంతే. మిగతావాళ్లు ఎలా మానేశారో నాకు బాగా గుర్తు. అత్తగారికి నలతగా ఉంది. ఆయనకి షిఫ్టు మారింది. పాపకి క్వార్టర్లీ పరీక్షలు. "రెండు రోజుల్లో వచ్చేస్తానక్కా" అనేవాళ్లు. వారం పాఠాలు పోయాక మళ్లీ గడప తొక్కడానికి మొహం చెల్లదు, అక్కడితో సరి. "వంట ముగించుకుని వస్తాను" అని చేరినవాళ్లలో నెలన్నర దాటి నిలిచిన మనిషి నాకు కనబడలేదు. వంట అనేది ముగిసే పని కాదు కదా.

నిలిచిన తొమ్మిది మందీ తెలివితేటల్లో మిగతావాళ్ల కంటే ఎక్కువేం కాదు. ఇంట్లో ముందే ఏదో ఒక ఒప్పందం చేసుకుని వచ్చారు. ఒకావిడ భర్త ఆటో నడిపేవాడు. క్లాసున్న రోజుల్లో ఆయనే దోసెలు పోసేవాడు, పొద్దున ఆవిడ రుబ్బిపెట్టిన పిండితో. ఆ దోసెల ఆకారాల గురించి ఆవిడ చెబుతుంటే క్లాసంతా పడీపడీ నవ్వేది. ఆవిడ మాత్రం పాసైంది. అందుకని ఇంట్లో "నేను చదువుకోనా?" అని అడగొద్దు. అలా అడిగితే అందరూ "ఓ, భేషుగ్గా" అంటారు, ఆ మాటకి ఖర్చేం లేదు. "మంగళ, గురు, శుక్రవారాలు రాత్రి వంట నాది కాదు, ఎవరిదో ఇప్పుడే చెప్పండి" అనండి. అప్పుడు వచ్చే జవాబు అసలు జవాబు. అది తేలాకే ఫారం నింపండి.

ఇక మీ నాలుగు కోర్సులు.

స్పోకెన్ ఇంగ్లీషు గురించి నాకున్న అభిప్రాయం చాలామందికి నచ్చదు. ముప్ఫై మందిని కూర్చోబెట్టి టీచరు గంటసేపు మాట్లాడితే అది వినే క్లాసే, మాట్లాడే క్లాసు కాదు. గంటలో ఒక్కొక్కరూ ఎన్ని నిమిషాలు నోరు విప్పుతారో అడగండి, సరైన జవాబు రాకపోతే ఊరుకోండి. నేర్చుకున్నది రోజూ మాట్లాడే చోటు లేకపోతే మూడు నెలల్లో మర్చిపోతారు కూడా. మీకు ప్రస్తుతం అలాంటి చోటు ఉన్నట్టు మీ మాటల్లో కనబడలేదు.

కుట్టుపని అలా కాదు. నాలుగింట్లో చేతికి డబ్బు తొందరగా కనిపించేది ఇదే. జాకెట్టు కుట్టడం చక్కగా వస్తే పెరంబూరులో పనికి కొదవ లేదు. ఇక్కడ వయసుతో ఒక పేచీ ఉంది. కేంద్ర ప్రభుత్వ సాయంతో నడిచే జన్ శిక్షణ్ సంస్థాన్ లాంటి చోట కుట్టుపని వంటి శిక్షణలకి వయసు 15 నుంచి 45 లోపు ఉండాలి. మీకింకా నాలుగేళ్లుంది. టెన్త్‌కి పై వయసు పరిమితి లేదు, అరవైలో కూడా రాయొచ్చు. డబ్బు అవసరం గట్టిగా ఉంటే ముందు కుట్టుపని కానివ్వండి, అదేమీ చిన్నతనం కాదు. కానీ మీ ప్రశ్నలో టెన్త్ అన్న మాట ఏడుసార్లు వచ్చింది, కుట్టుపని ఒక్కసారే వచ్చింది. నేను లెక్కల టీచర్ని, లెక్కపెట్టాను.

కంప్యూటరు సంగతి టెన్త్‌తో కలిపి చెబుతాను, ఎందుకో మీకే తెలుస్తుంది.

చెన్నైలో ఉండి టెన్త్ రాయాలంటే ముఖ్యంగా రెండు దారులు. ఒకటి తమిళనాడు ప్రభుత్వ బోర్డు పరీక్షకి ప్రైవేటుగా కట్టడం. 2006లో వచ్చిన తమిళ బోధన చట్టంతో బళ్లలో తమిళం తప్పనిసరి అయింది, మీ పిల్లల వల్ల ఆ సంగతి మీకు తెలిసే ఉంటుంది. తమిళం చదవడమే రాని మీకు ఆ దారి ఎత్తు ఎక్కువ. రెండోది ఎన్.ఐ.ఓ.ఎస్., అంటే కేంద్ర ప్రభుత్వం కింద నడిచే జాతీయ ఓపెన్ స్కూలు. 1989లో మొదలైంది. ఊళ్లో మీ చెల్లెలు రాసిందన్న ఏపీ ఓపెన్ స్కూలు వేరు, ఇది వేరు. రెండూ చెల్లేవే. చెన్నైలో ఉన్నవాళ్లకి ఇదే వీలు, దీని ప్రాంతీయ కేంద్రం ఇక్కడే ఉంది. ఈ సర్టిఫికెట్టుతో ఇంటర్‌కి వెళ్లొచ్చు, టెన్త్ అడిగే ఉద్యోగాలకి దరఖాస్తు పెట్టొచ్చు.

ఇందులో మీకు పనికొచ్చే సంగతులు కొన్నున్నాయి. 14 ఏళ్లు నిండిన ఎవరైనా చేరొచ్చు. ఎనిమిదో తొమ్మిదో పాసైన కాగితం లేకపోయినా, ఈ చదువు చదవగలను అని మీరే రాసిచ్చే ప్రకటన చాలు. ఐదు సబ్జెక్టులు పాసవ్వాలి, వాటిలో కనీసం ఒకటి భాష. పాసు మార్కు నూటికి 33. ఒకసారి చేరితే ఐదేళ్ల గడువు, ఆ ఐదేళ్లలో తొమ్మిది సార్లు పరీక్షకి కూర్చోవచ్చు. పాసైన సబ్జెక్టు మీ ఖాతాలో పడిపోతుంది, మళ్లీ రాయక్కర్లేదు. మీలాంటివాళ్లకి ఈ ఒక్క సౌకర్యం కోట్లు విలువ చేస్తుంది, కానీ దీన్ని వాడుకునేవాళ్లు తక్కువ. ఐదూ ఒకేసారి కట్టేసి, మూడు తప్పి, "నా వల్ల కాదు" అని కూర్చుంటారు. మీరు మొదటిసారి రెండే కట్టండి. ఒకటి తెలుగు, అది మీకు సగం వచ్చినట్టే. ఇంకొకటి మీకిష్టమైనది.

లెక్కలు తప్పనిసరి కాదు. ఈ ముక్క చెప్పినప్పుడల్లా క్లాసులో సగం మంది గుండె మీద చెయ్యి వేసుకునేవారు. తర్వాత ఏదైనా కోర్సుకో ఉద్యోగానికో టెన్త్‌లో లెక్కలు కావాలని అడిగే అవకాశం ఉంది, అది చూసుకోండి. గృహ విజ్ఞానం, బిజినెస్ స్టడీస్, డేటా ఎంట్రీ లాంటి సబ్జెక్టులు కూడా ఉన్నాయి. చూశారా, కంప్యూటరు క్లాసు ఇక్కడ పనికొచ్చింది. టెన్త్‌లో డేటా ఎంట్రీ తీసుకుంటే మీ కేంద్రంలోని కంప్యూటరు క్లాసే దానికి ప్రాక్టికల్ సాధన అవుతుంది. కోర్సులు రెండయినా పడే శ్రమ ఒకటే. కాకపోతే ఏ సబ్జెక్టు పుస్తకం తెలుగులో దొరుకుతుందో, ఏది దొరకదో ఎంచుకోకముందే చూసుకోండి. ఎంచుకున్నాక ఇంగ్లీషు పుస్తకం ఇంటికొస్తే ఏడుపొస్తుంది.

పరీక్షలు ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్-మే ఒకటి, అక్టోబరు-నవంబరు ఒకటి. మీరు ఏప్రిల్ పట్టుకోండి. మన చెన్నైలో అక్టోబరు అంటే ఈశాన్య రుతుపవనం. నవరాత్రి కొలువులు, దీపావళి, వాటి మీద వాన. వ్యాసర్పాడి సబ్‌వేలో నీళ్లు నిలిచాయంటే మా క్లాసులో ఆ రోజు నలుగురే. సరిగ్గా పరీక్షకి ముందు ఆరు వారాలు చదువు సాగదు. ఏప్రిల్ పరీక్ష అయితే వాన తగ్గాక జనవరి నుంచి మూడు నెలలు చల్లగా, చక్కగా చదువుకోవచ్చు. దీనికి మామూలుగా మార్చి మధ్య నుంచి జూలై ఆఖరులోపు చేరాలి. తేదీలు ఏటా ఒకసారి వాళ్ల వెబ్‌సైట్‌లో చూసుకోవాలి.

అసైన్‌మెంట్లు కూడా ఉంటాయి, వాటికి 20 శాతం మార్కులు. రాసిపెట్టే దుకాణాలున్నాయి, వాటి జోలికి పోకండి. పాపమని కాదు, ఆ అసైన్‌మెంట్లు రాయడమే మీ చేతికి సాధన. 27 ఏళ్లుగా పేరూ సంతకమూ తప్ప రాయని చెయ్యి మూడు గంటల పరీక్షలో మొదటి గంటకే కొంకర్లు పోతుంది. తెలిసిన జవాబు రాయలేక తప్పినవాళ్లని చూశాను.

ఏజెంట్ల గురించి ఒక్క మాట. మా దగ్గర చదివిన ఒక ఇడ్లీ బండి ఆవిడ, వేగంగా అయిపోతుందని ఎవరో చెబితే, "క్లాసులక్కర్లేదు, పాసు గ్యారంటీ" అన్నవాడి చేతిలో చీటీ ఎత్తిన డబ్బు పెట్టింది. వచ్చిన సర్టిఫికెట్టు మీదున్న బోర్డుకి గుర్తింపే లేదు. దరఖాస్తు మీ సొంత ఫోను నంబరుతో, మీరు పక్కన కూర్చుని చేయించుకోండి. ఓటీపీ ఇంకొకరి ఫోనుకి వెళ్లిందంటే మీ చదువు తాళం వాళ్ల జేబులో ఉన్నట్టే.

"బుర్రకెక్కుతుందా" అన్నారు. ముందు కళ్లు చూపించుకోండి, నిజంగా చెబుతున్నాను. నలభై దాటాక వచ్చేదాన్ని మన పెద్దవాళ్లు చత్వారం అన్నారు, పేరులోనే నలభై ఉంది. రాత్రి ట్యూబులైటు కింద పుస్తకంలో సన్నక్షరాలు కలిసిపోతాయి, పది నిమిషాల్లో తలనొప్పి, దాంతో "నాకు చదువు అబ్బదు" అనే నిర్ణయం. నా క్లాసులో కనీసం ఆరుగురికి చదువు కళ్లజోడుతోనే వచ్చింది. ఒకావిడ కొత్త జోడు పెట్టుకుని తమిళ బస్సు బోర్డులో ఒక అక్షరం కింద చుక్క ఉందని తొలిసారి కనిపెట్టింది. తీరా చూస్తే అది చుక్క కాదు, బోర్డు మీద మరక.

లెక్కలు వద్దనుకున్నా ఒక మాట వినండి. మీకు లెక్కలు రావని మీరెలా అనుకుంటున్నారో నాకర్థం కాదు. నూటికి నెలకి రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి ఎంత పడుతుందో మీరు నిద్రలో అడిగినా చెబుతారు. పుస్తకంలో అది 24 శాతం. చీటీ పాటలో ఎంత తగ్గించి ఎత్తితే ఎంత నష్టమో మీకు తెలిసినట్టు మా స్టాఫ్‌రూములో ఒకాయనకి తెలియదు, ఆయన ఎమ్మెస్సీ. శాతాలూ వడ్డీలూ నేను పుస్తకం మూసే చెప్పేదాన్ని. పుస్తకం తెరిచాక ఇవి పాతవేనని వాళ్లే అనేవారు. బీజగణితం దగ్గర మాత్రం అందరూ ఇబ్బందిపడ్డారు, దాచను.

మీకు ఎదురయ్యే అసలు చిక్కు వేరే ఉంది. మీ పుస్తకం తెలుగులో ఉంటుంది, టీచరు తమిళంలో చెబుతారు. మాటలు అర్థమవుతాయి, కానీ పాఠంలో వాడే మాటలు ఇంట్లో వాడం. శాతాన్ని వాళ్లు సదవీదం అంటారు, త్రిభుజాన్ని ముక్కోణం, వైశాల్యాన్ని పరప్పళవు. వడ్డీని వట్టి అంటారు. మొదటి రోజు ఒకమ్మాయి "వట్టిదైతే దాన్ని లెక్కెందుకు పెట్టడం టీచర్" అంది. ఒక చిన్న నోటు పుస్తకం పెట్టుకుని ఎడమ పక్క విన్న తమిళ మాట తెలుగు అక్షరాల్లోనే, కుడి పక్క మీ పుస్తకంలోని మాట రాసుకోండి. మూడు నెలలకి నాలుగైదు పేజీలవుతుంది, ఇక అవసరం ఉండదు.

తమిళం చదవడం కూడా పక్కన నేర్చుకోండి, మీరు అనుకున్నంత కష్టం కాదు. అచ్చులు 12, హల్లులు 18, ఆయిదం అనే మూడు చుక్కల అక్షరం ఒకటి. మన క, ఖ, గ, ఘ నాలుగింటికీ వాళ్లకి ఒకటే అక్షరం. అక్షరాలు తక్కువని సంబరపడతాం, చదవబోతే అదే అడ్డం తగులుతుంది. గాంధి అని రాసినా కాంతి అని రాసినా ఒక్కలాగే ఉంటుంది, చుట్టూ ఉన్న మాటల్ని బట్టి పోల్చుకోవాలి. మీకు మాట ముందే తెలుసు కాబట్టి తమిళం రానివాళ్ల కంటే మీకు చాలా తేలిక. నేను బస్సు బోర్డులతో నేర్చుకున్నాను. 29సి ఎక్కి పెరంబూరు నుంచి బీసెంట్ నగర్ దాకా కిటికీలోంచి కొట్ల పేర్లు కూడబలుక్కుంటూ పోవడమే. 2021 మే నుంచి మామూలు సిటీ బస్సుల్లో ఆడవాళ్లకి టికెట్టు లేదు, మీకు ఆ ఖర్చు కూడా ఉండదు.

కేంద్రం మంచిదో కాదో గోడమీద రాసిన కోర్సుల జాబితా చూసి తెలియదు. చేరకముందు ఒక సాయంత్రం వెళ్లి వెనకాల కూర్చుంటానని అడగండి. కుదరదంటే అక్కడితో వదిలేయండి. కూర్చున్నాక టీచరు పెద్దవాళ్లని ఎలా పిలుస్తున్నారో వినండి. నలభై ఏళ్ల మనిషిని చిన్నపిల్లని అదిలించినట్టు "వా, పో" (రా, పో) అనేచోట ఎవరూ ఎక్కువ రోజులు ఉండరు. బాత్రూముకి తాళం ఉందా, అది ఎవరి దగ్గరుంది? పగలు పిల్లల బడి, సాయంత్రం మన క్లాసు నడిచే చోట్ల ఇది పెద్ద సమస్య. బెంచీలు కూడా మూడో తరగతి పిల్లలవే ఉంటాయి, మోకాళ్లు గడ్డానికి తగులుతాయి. దానికి ఏం చేయలేం, నవ్వుకోవడమే. ఎనిమిదింటికి బయటికొచ్చాక వీధిలో దీపాలున్నాయా, మీ వైపు వచ్చే మనిషి ఇంకెవరైనా ఉన్నారా? తోడు దొరికితే సగం గెలిచినట్టు. పోయినేడు చేరినవాళ్లలో ఎంతమంది పరీక్ష రాశారని కూడా అడగండి. ఎంతమంది పాసయ్యారన్నది తర్వాత.

పిల్లల సంగతి. మదరాసులో మీలాంటివాళ్ల కోసం గట్టిగా నిలబడినవాళ్లలో మన తెలుగావిడ కూడా ఉంది, తెలుసా? దుర్గాబాయి దేశ్‌ముఖ్. రాజమండ్రిలో పుట్టింది, ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు, ఆ పెళ్లి వద్దనుకుని బయటికొచ్చింది. ఉప్పు సత్యాగ్రహంలో జైళ్లకి వెళ్లొచ్చాక, పాతికేళ్లు పైబడే వయసులో, బెనారస్ విశ్వవిద్యాలయం మెట్రిక్, అంటే అప్పటి టెన్త్, ప్రైవేటుగా కట్టింది. తర్వాత బీఏ, లా కూడా చదివింది. మైలాపూరులో తన చుట్టూ చేరిన అమ్మాయిలని అదే మెట్రిక్‌కి తయారుచేస్తూ మొదలైనదే 1937లో ఆంధ్ర మహిళా సభ అయింది. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకి ఆవిడే తొలి అధ్యక్షురాలు. బడి మధ్యలో ఆగిపోయిన ఆడవాళ్లకి కొన్ని తరగతుల చదువుని కుదించి తక్కువ కాలంలో చెప్పే కోర్సుల్ని ఆ బోర్డు 1958లో మొదలుపెట్టింది. మీ పిల్లలకి ఈ కథ చెప్పండి, పరీక్షల్లో వాళ్లకే పనికొస్తుంది.

ఇంకో ఉపాయం ఉంది, అది కథ కంటే బాగా పనిచేస్తుంది. మీ చిన్నవాడిని మీకు డిక్టేషన్ చెప్పమనండి, తప్పులు వాడినే దిద్దమనండి. ఎర్ర పెన్ను వాడి చేతికిస్తే మూడు రోజులు పకపకా నవ్వుతాడు, నాలుగో రోజు నుంచి టీచరైపోతాడు. నా దగ్గర చదివినావిడ కొడుకు, ఏడో క్లాసు వాడు, అమ్మ అసైన్‌మెంట్ ఆలస్యమైందని మా కేంద్రానికొచ్చి నన్ను గడువు అడిగాడు.

ఇప్పుడు ఏ నెలలో ఉన్నామో చూసుకుని, జూలై దాటకపోతే ఈ వారమే కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లి, క్లాసున్న ఒక సాయంత్రం ఆ కేంద్రంలో వెనక బెంచీలో కూర్చుని రండి. ఆ రోజు వంట ఎవరు చేశారో, క్లాసు ఎలా ఉందో రాయండి. ఏ రెండు సబ్జెక్టులతో మొదలుపెట్టాలో అది చూసి మాట్లాడుకుందాం.